బల్లార్షా నుంచి లద్దాఖ్‌కు ట్రావెలర్ వ్యాన్: చలికి బండిలో ఏమేం మార్చాలి?

వర్ధా_గట్టు (బల్లార్షా)

అందరికీ నమస్కారం. సెప్టెంబరు ఆఖరులో బయలుదేరి 20 రోజుల్లో లేహ్ చూసి రావాలని అనుకుంటున్నాం. బండి 2018 ట్రావెలర్, బీఎస్ 4, కామన్ రైల్ డీజిల్, ట్యాంకు 70 లీటర్లు, వెనక జంట టైర్లు. సీట్లు తీయించి రెండు మంచాలు, చిన్న వంటగట్టు పెట్టించాం. ఆర్‌సీలో మార్పు ఎక్కింది. వెళ్లేది నలుగురం: మేమిద్దరం, పదేళ్ల పాప, మా అమ్మ. అమ్మకు 62, బీపీ మాత్ర వేసుకుంటుంది.

ఇప్పుడు బండిలో ఉన్నవి: 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీ (చాసిస్ కింద పెట్టెలో), పైన 200 వాట్ల సోలార్, చాసిస్ కిందే 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, 5 కిలోల గ్యాస్ బుడ్డి, రెండు బర్నర్ల స్టవ్వు. చంద్రపూర్ మే నెలను తట్టుకున్న బండి కాబట్టి ఎండకు ఢోకా లేదు. చలి సంగతే తెలియదు.

నా ప్రశ్నలు: రాత్రికి ఏ హీటర్ పెట్టాలి? గ్యాస్ మీద నడిచే చిన్న హీటర్ ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తోంది, అది చాలదా? మనాలి మీదుగా వెళ్లాలా, శ్రీనగర్ మీదుగానా? దారి మధ్యలో మంచు పడితే ఏం చేయాలి?

రాజురా_డీజిల్

హీటర్ ముచ్చట తర్వాత, అన్నా. ముందుగాల రేడియేటర్‌ల ఏమున్నదో చూడుండ్రి. ఎండకు అలవాటైన మన దిక్కు గ్యారేజీలల్ల రెండు పనులు చేస్తరు, చలిల ఆ రెండే కొంప ముంచుతయి.

ఒకటి, కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసుడు. రెండు మూడేండ్లు గట్ల పోస్తే రంగు పచ్చగనే కనపడుతది గని లోపల గ్లైకాల్ (నీళ్లు గడ్డ కట్టకుండ ఆపే మందు) నూటికి పది పాళ్లు కూడ మిగలదు. నీళ్లు గడ్డ కడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతయి. ఆ ఉబ్బుడుకు రేడియేటర్ ట్యూబులు పగులుతయి, బ్లాక్ పక్కన ఉండే బిళ్లలు బయటికి తన్నుకొస్తయి, నసీబు బాగలేకుంటే బ్లాకే చీలుతది. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉంటే మైనస్ 37 దాక ఏం గాదు. మూడో వంతే ఉంటే మైనస్ 18 దగ్గర ఆగిపోతది. రంగు చూసి చెప్పొద్దు. రిఫ్రాక్టోమీటర్ల ఒక చుక్క వేసి చూస్తే గీత మీద డిగ్రీలు కనపడుతయి, బ్యాటరీ దుకాణాల్ల దొరుకుతది.

మార్చే పద్ధతి జాగ్రత్తగ చదువుండ్రి, అందరు ఇక్కడనే తప్పు చేస్తరు. పాత నీళ్లు తీసి, మామూలు నీళ్లు పోసి, క్యాబిన్ హీటర్ నాబ్ పూర్తి వేడి మీద పెట్టి 15 నిమిషాలు ఇంజన్ తిప్పి మల్ల తియ్యాలె. తీసే నీళ్లు తేటగ వచ్చేదాక గట్లనే చెయ్యాలె. ఎంత తీసినా బ్లాక్‌ల రెండు మూడు లీటర్లు ఉండిపోతయి. అందుకని రెడీ మిక్స్ పొయ్యొద్దు, అది ఆ మిగిలిన నీళ్లతోని పలుచనైతది. కాన్సన్‌ట్రేట్ తెచ్చి, మాన్యువల్‌ల సిస్టం మొత్తం ఎన్ని లీటర్లని ఉన్నదో చూసి, అండ్ల సగం కాన్సన్‌ట్రేట్ ముందు పొయ్యాలె. మిగిలిన జాగా బ్యాటరీ నీళ్లతోని నింపాలె. 10 లీటర్ల సిస్టం అయితే 5 లీటర్లు కాన్సన్‌ట్రేట్, ఎంత పడితే అంత బ్యాటరీ నీళ్లు. రెండు రోజులు తిప్పినంక మల్ల ఒక చుక్క చూడుండ్రి.

రెండోది, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాక కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనియ్యని కవాటం) పీకేసుడు. ఇంజన్ వేడెక్కుతున్నదంటే మనోళ్లు చేసే మొదటి వైద్యం అదే. థర్మోస్టాట్ లేకుంటే సున్నా డిగ్రీలల్ల ఇంజన్ వేడే ఎక్కదు. క్యాబిన్ హీటర్ల నుంచి చల్లగాలే వస్తది, అద్దం మీద పొగమంచు పోదు, డీజిల్ ఎక్కువ తాగుతది. పరీక్ష సులువు. పొద్దుగాల చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు పట్టుకోండ్రి. నిమిషంలనే గోరువెచ్చగ అయితే థర్మోస్టాట్ లేనట్టే. ఉంటే చాలాసేపు చల్లగ ఉండి ఒక్కసారిగ వేడెక్కుతది.

రేడియేటర్ మూత రబ్బరు కూడ కొత్తదెయ్యాలె. ఎత్తు మీద గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు తొందరగ మరుగుతయి. లోపలి ఒత్తిడి నిలబెట్టేది ఆ మూతే. రబ్బరు ఎండిపోయి ఉంటే బయట మంచు పడుతున్నా ఎక్కుడు మీద కూలెంట్ మరిగి పొంగుతది.

ఇక డీజిల్. ఇక్కడ పోసిన డీజిల్ అక్కడిదాక ఎట్లాగూ మిగలదు, చూడాల్సింది ఆఖరి ట్యాంకు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క ప్రకారం డీజిల్ మైనం కట్టి ఫిల్టర్ మూసుకునే ఉష్ణోగ్రత ఎండాకాలం సరుకుకు 18 డిగ్రీలు, చలికాలం సరుకుకు 6 డిగ్రీలు మించొద్దు. అంటే అంతకన్న చల్లగైతే గ్యారంటీ లేదన్నట్టు. మైదానంల పూర్తి ట్యాంకు కొట్టించుకొని పైకి పోవద్దు. శ్రీనగర్‌ల సగం, కార్గిల్‌ల మిగిలింది. 2019 నవంబరుల ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం తెచ్చిన వింటర్ డీజిల్ మైనస్ 33 దాక పారుతది గని అది చలికాలం సరుకు. అక్టోబరుల పంపుల అదే ఉంటదని అనుకోవద్దు, అడిగి తెలుసుకోవాలె. యాంటీ జెల్ (డీజిల్ గడ్డ కట్టకుండ కలిపే మందు) సీసాలు రెండు దగ్గర పెట్టుకోండ్రి, కొలత సీసా మీదనే ఉంటది. డీజిల్ గడ్డ కట్టకముందే పొయ్యాలె, కట్టినంక పోస్తే పనిచెయ్యదు. స్పేర్ డీజిల్ ఫిల్టర్లు రెండు. వాటర్ సెపరేటర్ కింది మర రోజూ సాయంత్రం విప్పి నీళ్లు తియ్యాలె, ఆ నీళ్లే ముందు గడ్డ కడతయి.

పాత లారీలోళ్ల లెక్క కిరోసిన్ కలుపుడు, ట్యాంకు కింద గుడ్డపేలికెలు కాల్చుడు వద్దు. కామన్ రైల్ పంపుకు డీజిలే నూనె. కిరోసిన్ పోస్తే ఆ జిడ్డు పోయి పంపు అరుగుతది. పొద్దుగాల స్టార్ట్ కాకుంటే వేడినీళ్ల గుడ్డ ఫిల్టర్‌కు చుట్టి పావుగంట ఆగి, చేతి పంపు కొట్టి మల్ల చూడుండ్రి.

ఇంజన్ ఆయిల్ 15డబ్ల్యూ 40 ఉంటే మార్చే పని లేదు, అక్టోబరు చలికి అది చాలు. సెల్ఫ్ బ్యాటరీకి మూడేండ్లు దాటితే మాత్రం కొత్తది. సున్నా దగ్గర దాని బలం ఐదో వంతు తగ్గుతది, మైనస్ 18 దగ్గర సగం పోతది.

ప్రాణహిత_సంగమం (సిరొంచ)

గ్యాస్ హీటర్ వద్దు. మూడు కారణాలు చెబుతాను, మొదటిది ఒక్కటే చాలు నిజానికి.

మంట బండి లోపల మండితే అది పీల్చేది మీరు పీల్చే గాలినే. తలుపులు బిగించి నలుగురు పడుకున్న పెట్టెలో ఆక్సిజన్ తగ్గుతుంది, మంట సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం వస్తాయి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు కూడా ఇవే లక్షణాలు, అక్కడే జనం పొరబడతారు. అందుకే లద్దాఖ్‌లో ఇది మామూలు చోటుకంటే ప్రమాదం. బొగ్గుల కుంపటీ అంతే, స్టవ్వు వెలిగించి వెచ్చబెట్టుకోవడమూ అంతే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని మంచం తల దగ్గర పెట్టండి. వెళ్లేముందు టెస్ట్ బటన్ నొక్కి, కొత్త సెల్స్ వేయండి.

రెండోది, మంట నుంచి నీటి ఆవిరి వస్తుంది. నలుగురి ఊపిరితోనే ఒక రాత్రికి లీటరు పైన నీరు బండి గోడలకు పడుతుంది. దానికి గ్యాస్ ఆవిరి కూడా తోడైతే తెల్లారేసరికి పరుపు కింద చెమ్మ, అద్దాల లోపల మంచు పొర. మూడోది, మన గ్యాస్‌లో బ్యూటేన్ ఉంటుంది. అది సున్నాకు కాస్త కిందే ఆవిరి కావడం మానేస్తుంది (ఎత్తు మీద ఇంకొంచెం కిందికి జరుగుతుంది, అంతే). చలి ముదిరినప్పుడు, అంటే మీకు హీటర్ కావాల్సినప్పుడే, మంట నీరసపడుతుంది.

మీకు కావాల్సింది డీజిల్ పార్కింగ్ హీటర్. 2 కిలోవాట్లది చాలు. 5 కిలోవాట్లది మీ బండికి ఎక్కువ, ఎప్పుడూ చిన్న మంట మీదే నడిచి మసి పట్టి చస్తుంది. ఇందులో మంట వేరే గదిలో మండుతుంది, గాలి బయటి నుంచి తీసుకుని పొగ బయటికే వదులుతుంది. మీకు వచ్చేది వేడి గాలి మాత్రమే. గంటకు 0.1 నుంచి 0.25 లీటరు డీజిల్ తాగుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు నాలుగైదు నిమిషాలు 8 నుంచి 10 ఆంపియర్లు లాగి, తర్వాత ఒకటి రెండు ఆంపియర్ల మీద నడుస్తుంది. రాత్రి 10 గంటలకు 15 నుంచి 20 ఏహెచ్ వేసుకోండి. లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు కలిపి ఇంకో 10. మీ 100 ఏహెచ్ సోలార్ లేకపోయినా మూడు రాత్రులు లాగుతుంది. మంచు పడ్డ రోజు సోలార్ లెక్క సున్నా అనే వేసుకోండి.

కొనేటప్పుడు హై ఆల్టిట్యూడ్ మోడ్ ఉందా, ఎన్ని మీటర్ల వరకు అన్నది చూడాలి. లేనిది 1,500 మీటర్లు దాటితే గాలికి మించి డీజిల్ పోసుకుని మసి కడుతుంది. ఆ మోడ్ ఉన్నా రోజూ ఆపేముందు 20 నిమిషాలు ఫుల్ మీద నడపండి, పేరుకున్న మసి కాలిపోతుంది. పొగ గొట్టం తలుపు కిందికి గానీ కిటికీ కిందికి గానీ రాకూడదు. కిందికి వాలుగా ఉండాలి, జాయింట్ల దగ్గర క్లాంపులు బిగుతుగా ఉండాలి. రాత్రి మంచు పడితే గొట్టం మూతి పూడుతుంది, మధ్యలో ఒకసారి లేచి తవ్వాలి. రూఫ్ వెంట్ రెండు వేళ్ల మందం ఎప్పుడూ తెరిచే ఉంచండి. వెచ్చదనం పోతుందని మూయవద్దు.

చాసిస్ కింద ఉన్నవన్నీ లోపలికి తేవాలి. లిథియం బ్యాటరీని సున్నా కింద చార్జ్ చేస్తే సెల్స్ దెబ్బతింటాయి. మంచి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉంటే చార్జింగే ఆపేస్తుంది, ఎండ కాస్తున్నా బ్యాటరీ నిండదు, మీరు సోలార్ పాడైందని విప్పుకుంటూ కూర్చుంటారు. మంచం కింద పెట్టండి. నీళ్ల ట్యాంకును ఈ ప్రయాణానికి ఖాళీ చేసి, పైపుల్లో నీళ్లు కూడా ఊది తీసేసి, 20 లీటర్ల క్యాన్లు మూడు లోపల పెట్టుకోవడమే మేలు. గడ్డ కట్టిన ట్యాంకు కరగాలంటే రోజు పడుతుంది, పగిలిన పంపు దారిలో దొరకదు. ఫ్లాస్కులో వేడినీళ్లు రాత్రే నింపి పెట్టుకుంటే పొద్దున్న టీకీ, డీజిల్ ఫిల్టర్‌కూ రెండింటికీ పనికొస్తాయి. అద్దం మీద మాత్రం వేడినీళ్లు పోయకండి, పగులుతుంది.

వంట గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతా. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, మనాలి దారిలో ఇంకా ఎత్తున ఉండే సర్చూలో 86కే. గిన్నెలో అన్నం గంట ఉడికించినా మధ్యలో పలుకు ఉంటుంది. కుక్కర్ తప్పనిసరి. కుక్కర్ కూడా మన దగ్గర 120 డిగ్రీలు ఇస్తే అక్కడ 113 దాకానే. బియ్యం అరగంట నానబెట్టి రెండు కూతలు ఎక్కువ వేయాలి. కందిపప్పు రాత్రే నానబెట్టాలి, లేదా పెసరపప్పుకు మారిపోవాలి. శనగలు, రాజ్మా జోలికి పోతే బుడ్డి ఖాళీ. జొన్న రొట్టెలు చేసుకునే వాళ్లకు ఏ ఎత్తూ అడ్డు రాదు, పెనానికి మరిగే నీళ్లతో పని లేదు కదా. బుడ్డి పెట్టే అర అడుగున బయటికి రంధ్రం ఉండాలి, లీకైన గ్యాస్ కిందికే దిగుతుంది. మంట తగ్గితే బుడ్డిని గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో పెట్టండి, నిప్పు సెగ చూపించొద్దు.

వరోరా_ఎన్‌హెచ్44

దారి సంగతి. నాగ్‌పూర్ నుంచి ఎన్‌హెచ్ 44 పట్టుకుంటే సివనీ, సాగర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, అంబాలా, జమ్మూ, శ్రీనగర్. ఒకటే నంబరు. జమ్మూ దాకా సుమారు 1,800 కి.మీ., తొందరపడకుండా నాలుగు రోజులు.

అక్కడి నుంచి పైకి శ్రీనగర్ మీదుగానే ఎక్కండి. రోడ్డు బాగోగుల మాట పక్కన పెట్టి, రాత్రి ఎక్కడ నిద్రపోతారో ఆ ఎత్తులు చూడండి. శ్రీనగర్ 1,585 మీటర్లు, సోనమర్గ్ 2,700 పైన, కార్గిల్ 2,676, ఖల్సీ దాదాపు 3,000, లేహ్ 3,500. మధ్యలో జోజిలా (3,528), నమికా లా (3,700), ఫోటు లా (4,108) కనుమలు ఎక్కినా పగలు ఎక్కి దిగిపోతారు. మనాలి వైపు 2,050 దగ్గర పడుకుని, జిస్పాలో 3,200 దగ్గర పడుకుని, మర్నాడు సర్చూలో 4,290 దగ్గర పడుకోవాలి. ఒక్క రాత్రికి వెయ్యి మీటర్లు పైకి. 3,000 దాటాక నిద్ర ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దన్నది నియమం. కార్గిల్ నుంచి ఒకే రోజు లేహ్ చేరకుండా ఖల్సీలో ఆగమనేది అందుకే. వ్యాన్ ఉండటంలో ఉన్న సుఖమే అది, హోటల్ ఉన్న ఊరి కోసం పరుగెత్తక్కర్లేదు.

మంచు పడితే ఏం చేయాలి అన్నారు. ఆగాలి. ఇంకేం లేదు. 2018 సెప్టెంబరు 22 నుంచి 24 వరకు మనాలి అవతలి లాహౌల్‌లో కురిసిన మంచుకు వందల మంది దారిలో చిక్కుకుపోయారు. దసరా ఇంకా రాలేదు అప్పటికి. 2023 జూలైలో బియాస్ వరదకు కుల్లూ మనాలి రోడ్డే కొట్టుకుపోయింది. ఈ ప్రాంతంలో నెలను చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. పడమటి నుంచి వానను, మంచును తెచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ ఉందా లేదా అన్నది వాతావరణ శాఖ శ్రీనగర్, లేహ్, సిమ్లా కేంద్రాల బులెటిన్లలో నాలుగైదు రోజుల ముందే తెలుస్తుంది. ఆ మాట కనిపిస్తే కనుమ దాటకండి, కిందున్న ఊళ్లో రెండు రోజులు ఉండండి. మంచు ఆగాక సరిహద్దు రోడ్ల సంస్థ బీఆర్‌ఓ యంత్రాలు తీసి వదిలేదాకా ఓపిక పట్టాలి. 20 రోజుల్లో కనీసం 4 రోజులు ఇలాంటి వాటికి ఖాళీగా ఉంచుకోండి. పాంగాంగ్, నుబ్రా రెండూ చూడాలని ఇరికిస్తే ఆ నాలుగు రోజులే ముందు పోతాయి.

కనుమలు పొద్దున్నే దాటాలి. మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి రోడ్డు మీద నాలాలు పొంగుతాయి. మనాలి దారిలో జింగ్‌జింగ్‌బార్ దగ్గర పొద్దున 8కి చీలమండ లోతున్నది 3 గంటలకు మోకాలు దాటొచ్చు. సాయంత్రం అదే నీరు రోడ్డు మీద సన్నటి అద్దంలా గడ్డ కడుతుంది. తారు తడిసినట్టు నల్లగా కనిపిస్తుంది తప్ప మంచని తెలియదు. సున్నా దగ్గర తడి రోడ్డు మెరుస్తోందంటే బ్రేకు ముట్టకుండా గేరులోనే మెల్లగా పోండి.

గోండ్‌పిప్రీ_లారీ

పైన చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోను. రాంబన్ దగ్గర కొండచరియలు విరిగి జమ్మూ శ్రీనగర్ రోడ్డు ఎన్నిసార్లు మూస్తారో లెక్క లేదు. మనాలి వైపు 2020 అక్టోబరు నుంచి 9 కి.మీ. అటల్ టన్నెల్ ఉంది, రోహ్‌తాంగ్ ఎక్కే పని లేదు. పెద్ద బండికి అదే నయం.

వరోరా_ఎన్‌హెచ్44

రాంబన్ మాట నిజమే, జమ్మూలో బయలుదేరే ముందు ట్రాఫిక్ పోలీసుల ఆ రోజు ప్రకటన చూడాల్సిందే. కానీ రాంబన్‌లో ఆగితే ఎత్తు పెద్దగా ఉండదు, టీ తాగుతూ ఆగుతారు. టన్నెల్ దాటాక బారలాచా (4,890), లాచులుంగ్ (5,059), తంగ్లాంగ్ లా (5,328) కనుమలు అలాగే ఉన్నాయి, వాటి మధ్య ఆగిపోతే 62 ఏళ్ల అమ్మగారితో 4,500 మీటర్ల మీద ఆగిపోతారు. పైగా సెప్టెంబరు ఆఖరుకు సర్చూ, పాంగ్ టెంట్లు ఎత్తేస్తుంటారు, సాయానికి మనిషి దొరకడు.

తిరుగు ప్రయాణంలో, అందరి ఒళ్లూ అలవాటు పడ్డాక, ఆకాశం తేటగా ఉంటే మనాలి మీదుగా దిగొచ్చు. అప్పుడు డీజిల్ లెక్క ఇదీ. లేహ్ దగ్గర కారూ పంపు దాటితే తాండీ దాకా పంపు లేదు. తాండీలో బోర్డు మీద 365 కి.మీ. అని రాసుంటుంది. మైదానంలో 9 ఇచ్చే బండి అక్కడ 7 ఇస్తే 52 లీటర్లు. వెనక్కి తిరగాల్సి వస్తే, జామ్‌లో ఇంజన్ నడిపితే అని ఐదో వంతు కలిపితే 62. హీటర్‌కు రెండు రాత్రులు 4 లీటర్లు. 66 అయింది. మీ ట్యాంకు 70, అడుగున ఉన్న నాలుగు లీటర్లను నమ్ముకోకూడదు. 20 లీటర్ల లోహపు జెర్రీ క్యాన్ ఒకటి నింపి కట్టుకోండి.

వర్ధా_గట్టు (బల్లార్షా)

చాలా థ్యాంక్స్ అందరికీ. మెకానిక్‌ను అడిగితే థర్మోస్టాట్ లేదని నవ్వుతూ ఒప్పుకున్నాడు, రాజురా అన్న మాటే నిజమైంది. కొత్తది ఆర్డర్ పెట్టాం. శ్రీనగర్ వైపే ఖాయం.

ఇంకో రెండు. అమ్మకు ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర ముందే మొదలుపెట్టాలా? టైర్లకు గొలుసులు కొనాలా, గాలి ఎంత పెట్టాలి?

చంద్రపూర్_సిస్టర్

డయామాక్స్ ముందు జాగ్రత్తకు సాధారణంగా 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి. కానీ అమ్మగారి విషయంలో ఇక్కడ చదివి మొదలుపెట్టకండి. సల్ఫా మందులు పడని వాళ్లు ఇది వేసుకోకూడదు. బీపీ మాత్రలో ఇప్పటికే నీరు లాగే మందు కలిసి ఉంటే రెండూ కలిసి పొటాషియం తగ్గిస్తాయి. మాత్రల స్ట్రిప్ పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. పాపకు మోతాదు బరువును బట్టి, అదీ డాక్టరే చెప్పాలి. బీపీ మాత్రలు సొంతంగా ఆపడం, పెంచడం రెండూ వద్దు.

లేహ్ చేరాక రెండు రోజులు ఊళ్లోనే. తలనొప్పి, వాంతి భావన ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. కూర్చుని ఉన్నా ఆయాసం, తడబడే నడక, మాటలో తికమక కనిపిస్తే మాత్ర వేసి చూద్దాం అనుకోకుండా అర్ధరాత్రయినా కిందికి దిగాలి, కనీసం 500 నుంచి 1,000 మీటర్లు. నడక పరీక్షకు నేల మీద గీత గీసి ఒక కాలి బొటనవేలికి రెండో కాలి మడమ ఆనిస్తూ నడవమనండి. ఆక్సీమీటర్‌లో రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కనిపించగానే కంగారు పడకండి, లేహ్‌లో చాలామందికి 85 నుంచి 92 మధ్యే ఉంటుంది. అంకె కంటే మనిషిని చూడాలి. లేహ్‌లో ఎస్‌ఎన్‌ఎం ఆసుపత్రి ఉంది.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. బయలుదేరే ముందే ఇద్దరి నంబర్లూ పోస్ట్‌పెయిడ్ చేయించుకోండి, రెండు వేర్వేరు కంపెనీలవి అయితే మేలు.

రాజురా_డీజిల్

గాలి ముచ్చట. బల్లార్షాల 35 డిగ్రీలకు 60 పీఎస్‌ఐ కొట్టించిండ్రనుకోండ్రి. చలికి లోపలి గాలి కుంచించుకుంటది, ఎత్తుకు బయటి ఒత్తిడి తగ్గి మీటర్ ఎక్కువ చూపెడుతది. రెండు కలిపితే సర్చూ అంత ఎత్తుల పొద్దుగాల మైనస్ 10 దగ్గర మీటర్ 55 దగ్గర ఉంటది. అంటే అక్కడ గాలి తీసే పనే లేదు. ఎత్తుకు టైర్లు పేలుతయి, గాలి తగ్గించమని ఎవరన్న చెప్తే వినొద్దు. టైర్ల గాలిని డోర్ స్టిక్కర్ మీద ఉన్న లెక్కకే పొద్దుగాల చల్లగున్నప్పుడు సరి చేసుకోండ్రి. దిగి మల్ల వేడికి వచ్చినంక ఇంకోసారి.

గొలుసులు తీసుకోండ్రి, ఒక జత. టైర్ పక్కన రాసిన సైజు చూసి కొనాలె. బండిని తోసేది వెనక చక్రాలు, కాబట్టి వెనక జంటల బయటి టైరుకు వెయ్యాలె. ఇంటి ముందటనే రెండుసార్లు వేసి తీసి చూడుండ్రి, గ్లవ్స్ వేసుకొనే. మంచుల, చీకట్ల మొదటిసారి వేసుడు ఎవరితోని కాదు. గొలుసు పరిచి, బండి అడుగు ముందుకు నడిపి, కొక్కెం పెట్టి, వంద మీటర్లు పోయి మల్ల బిగించాలె. 30 దాటొద్దు. నల్ల తారు కనపడంగనే తీసెయ్యాలె, లేకుంటే గొలుసు తెగి బ్రేక్ పైపును కొడతది. గోనె సంచులు ఆరెనిమిది, చిన్న పార ఒకటి కూడ పెట్టుండ్రి. చక్రం జారే చాలా జాగలల్ల గొలుసు కన్న గోనె సంచే ముందు పనికొస్తది.

ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులనే దిగాలె, రెండో గేరు. బ్రేక్ ఆయిల్‌కు రెండేండ్లు దాటితే పోయే ముందు మార్పించుండ్రి. అది గాలిల తేమ పీల్చుకుంటది, బ్రేక్ వేడికి ఆ నీళ్లు మరిగి పెడల్ మెత్తగ దిగిపోతది.

ఆఖరుది, రాత్రి ఆపినప్పుడు హ్యాండ్ బ్రేక్ వెయ్యొద్దు. నాలా దాటిన బండి డ్రమ్ముల్ల నీళ్లుంటయి, లైనింగ్ డ్రమ్ముకు అంటుకొని గడ్డ కడతది, పొద్దుగాల వెనక చక్రాలు తిరగవు. ఆపే ముందు అర కిలోమీటరు బ్రేక్ మెల్లగ తొక్కుకుంట పోయి ఆరబెట్టాలె, తర్వాత మొదటి గేరుల పెట్టి చక్రాల ముందు వెనక చెక్క దిమ్మెలు. నాలుగు దిమ్మెలు ఇక్కడనే సామిల్లుల కోయించుకొని పోండ్రి, పైన ఆ చలి ఎడారిల చెట్లు తక్కువ, కట్టె సులువుగ దొరకదు.